ఆకుపిట్ట మంచుపురుగుని తినలేదు: ఒక మామిడి తోట కేసు

మామిడి రైతులకి పురుగుల విషయంలో సలహాలివ్వడం నా పని. నెగ్గిన కేసులు అందరూ చెప్పుకుంటారు. ఇది సగం ఓడిపోయిన కేసు, ఆ ఓడిన సగంలో ఎక్కువ వాటా నాదే. ఊరు నూజివీడు వైపు, అంతకు మించి ఆనవాళ్లు రాయను. తోట యజమానిని బాబాయ్ గారంటాను, బయట కూడా అలాగే పిలుస్తాను. కాపు కొనుక్కున్నాయన్ని గుత్తదారు అంటాను.

తోట సంగతి

తొమ్మిదెకరాలు. ఎక్కువ భాగం బంగినపల్లి, ఒక మూల పది పన్నెండు చిన్నరసాలు, కాలవ వైపు ఒక వరస కలెక్టర్ కాయ. చెట్ల వయసు ముప్పై దాటింది. ముప్పై అడుగుల ఎడంతో నాటారు. నాటిన రోజున మరీ దూరమేమో అనిపించి ఉంటుంది. ఇప్పుడు కొమ్మకి కొమ్మ కలిసిపోయి మిట్టమధ్యాహ్నం కూడా మొదళ్ల దగ్గర మసకే. ఉత్తరం గట్టు మీద వేపలూ కానుగలూ కలిపి పాతిక దాకా ఉన్నాయి. ఇంటి పెరట్లో ఒక నాటు మామిడి, పచ్చడి కాయల కోసం ఉంచుకున్నది. దానికి ఎవరూ ఏనాడూ మందు కొట్టలేదు.

బాబాయ్ గారు తోట సొంతంగా చేసుకోరు. అక్కడి చాలా తోటల్లాగే పూతకి ముందే కాపు గుత్తకిచ్చేస్తారు. గుత్తదారు అడ్వాన్సు కట్టి, మందులు తనే కొట్టించుకుని, కాయ కోసుకుని వెళ్లిపోతాడు. మళ్లీ ఏడు ఆయనే వస్తాడన్న నమ్మకం లేదు. అంటే చెట్టు ఒకరిది, దాని పూత ఇంకొకరిది. మొదటి రోజే ఈ సంగతి దగ్గర ఆగి ఉండాల్సింది నేను. పురుగు కేసు కదా అని పురుగునే చూశాను.

పిలిచేనాటికి పరిస్థితి

ఫిబ్రవరి మొదటి వారం. తోటలో అడుగు పెట్టి ఒక కొమ్మ కదిపితే చిటపటమని చప్పుడు, ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు. తేనెమంచు పురుగులు, అంటే పూత రసం పీల్చే చిన్న పురుగులు, పైకి లేచి ఆకులకి తగిలే చప్పుడది. మంచుపురుగు అని నేను అనేది వీటినే. చొక్కా చేతులకి జిగురు అంటుకుంది. కింది ఆకుల మీద మసి. పూత కాడలు చివర్ల నుంచి గోధుమ రంగుకి తిరిగి మాడుతున్నాయి.

గుత్తదారు అప్పటికి మూడు దఫాలు కొట్టించాడు. కిందటేడు మొత్తం ఎనిమిది దఫాలట. "మేడం, షాపులో ఏదిస్తే అది కొట్టాను. పురుగు చావట్లేదు. ఇంకా గట్టిది ఏదన్నా రాయండి" అన్నాడు.

బాబాయ్ గారు పక్కన నిలబడి, అదేదో వేరే కబురన్నట్టు, "ఈ ఏడు చలికాలం పిట్ట కూడా కూయట్లేదమ్మాయ్ తోటలో" అన్నారు.

ఆయన చెప్పే పిట్ట ఏదో నాకు తెలుసు. పుస్తకాల్లో పేరు గ్రీనిష్ వార్బ్లర్. మా ఇంట్లో ఆకుపిట్ట అంటాం, ఎందుకంటే ఆకుల్లో ఆకులా ఉంటుంది. వీపు ముదురాకు రంగు, రెక్క మీద సన్నటి తెల్లగీత, కంటి మీద పాలిపోయిన కనుబొమ్మ. బరువు ఏడెనిమిది గ్రాములు, పది రూపాయల బిళ్ళంత. ఎండాకాలం హిమాలయాల్లోనూ సైబీరియాలోనూ, ఇంకా పడమరకి బాల్టిక్ తీరం దాకా గూళ్లు పెడుతుంది. దసరా రోజులకి మన వైపు దిగి మామిడి ముదిరేదాకా ఉంటుంది. కంటికి చిక్కదు, "చివీ, చివీ" అని తెగిపోయినట్టు వినబడుతూ ఉంటుంది. మన తూర్పు కనుమల్లోనే దీని చలికాలపు బతుకుని గమనించి ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త 1981లో ఐబిస్ అనే పత్రికలో రాశారు. నాకు ఈ పిట్ట మీద మక్కువ. ఆ మక్కువే తర్వాత కొంప ముంచింది.

పంచె మీద లెక్క

గట్టి మందు రాయను, ముందు లెక్క చూద్దాం అన్నాను. బాబాయ్ గారి పాత తెల్లపంచె ఒకటి తెప్పించి, కొమ్మ కింద పరిచి, కర్రతో మూడు దెబ్బలు కొట్టి, రాలినవి ఎగిరిపోకముందే లెక్కపెట్టడం. కరెక్టుగా ఉంటుందని చెప్పను, ఎందుకంటే మంచుపురుగు సగం గాల్లోనే తప్పించుకుంటుంది. కానీ ఒక చెట్టునీ ఇంకో చెట్టునీ పోల్చడానికి ఇది చాలు.

తోటలో పది చెట్ల కింద పరిచాం. ప్రతిసారీ పంచె మీద మంచుపురుగులు ముప్పై, నలభై. సాలీళ్లు పది చెట్లకీ కలిపి రెండు. పెరట్లో నాటు మామిడి కింద పరిస్తే మంచుపురుగులు తొమ్మిది, సాలీళ్లు పద్నాలుగు. వాటితో పాటు అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగు పిల్లలు, నడుం వంచి దాసరి పురుగులా నడిచే సన్నటి పచ్చ పురుగులు, పేరు పెట్టలేని చిన్న ఈగలు బోలెడు. పిన్ని గారు వంగి చూసి, "మా చెట్టుకి ఇన్ని పురుగులా!" అని నొచ్చుకున్నారు. ఆవిడ నొచ్చుకున్న చెట్టుకే పూత పచ్చగా ఉంది.

మందు ఎందుకు పనిచేయట్లేదన్నదానికి నాకు మూడు అనుమానాలు. మొదటిది, మందు లోపలికి అందట్లేదు. ట్రాక్టరు ట్యాంకరు పెట్టి గన్‌తో బయటి నుంచి కొడుతున్నారు, గుబురు మధ్యలో ఆకులు పొడిగా ఉన్నాయి. మొదలు బెరడు పగుళ్లలో దాక్కున్నవి అసలు తడవలేదు. రెండోది, మూడు దఫాలూ సీసా పేర్లు మారాయి గానీ లోపలి మందు రెండుసార్లు ఇమిడాక్లోప్రిడ్, ఒకసారి దాని సోదరి థయామిథాక్సామ్. ఒకే జాతి మందుకి తట్టుకున్న పురుగే మిగిలి ఉండొచ్చు. మూడోది, మంచుపురుగు గుడ్లు పూకాడ లోపల, లేత ఆకు ఈనెలో పెడుతుంది. పెద్దవి చచ్చిన వారానికి పిల్లలు బయటికొస్తాయి. వాటిని తినాల్సిన సాలీళ్లు అప్పటికే పోయాయి.

మూడూ నిజమే కావొచ్చు. ఇక్కడిదాకా నా ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను.

నలభై చెట్లు

తప్పు తర్వాతి అడుగులో ఉంది. పురుగు ఎక్కువైన చోట పిట్ట లేదు, పురుగు తక్కువున్న నాటు మామిడి మీద నేను నిలబడిన అరగంటలో రెండు ఆకుపిట్టలు తిరిగాయి. పిట్ట ఉంది కాబట్టే పురుగు తక్కువ అని నా మనసు గంతేసింది. దీనికి తోడు చదివిన చదువు. నెదర్లాండ్స్‌లో ఆపిల్ తోటల్లో గ్రేట్ టిట్ పిట్టలకి గూటి పెట్టెలు కడితే గొంగళి పురుగుల నష్టం తగ్గిందని 2002లో ఒక పరిశోధన అచ్చయింది. చైనాలోని సిన్‌కియాంగ్‌లో మిడతల మీదికి పలిస పిట్టల్ని (రోజీ స్టార్లింగ్) రప్పించడానికి రాళ్ల గుట్టలు, గూళ్లు కట్టిపెడతారు. అక్కడ అయినది ఇక్కడ కాదా అనుకున్నాను.

తూర్పు వైపు నలభై చెట్లకి మందు పూర్తిగా ఆపమన్నాను. మిగతా తోటకి ఒక్క దఫా, మందు జాతి మార్చి, మొదళ్లు తడిసేలా. గుత్తదారు ఒప్పుకోలేదు. ఆ నలభై చెట్ల కాపు తగ్గితే గుత్తలో కోసుకోమని బాబాయ్ గారు నా మొహం చూసి మాటిచ్చారు. అప్పుడైనా నాకు భయం వేయాల్సింది.

పిట్టలు వచ్చాయి, అది నిజం. రెండు వారాలకి ఆ నలభై చెట్లలో పొద్దున్నే మూడు నాలుగు గొంతులు వినబడ్డాయి. నేను గుత్తదారుకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయన, "పిట్టలు సరే మేడం, పూతేదీ?" అన్నాడు. ఫిబ్రవరి ఆఖరుకి ఆ చెట్ల మీద పూకాడలు చీపురు పుల్లల్లా మిగిలాయి. సాలీళ్లు రెండు వారాల్లో తిరిగి పుంజుకోవు. వాటికి నెలలు పడుతుంది. మంచుపురుగుకి మాత్రం రెండు వారాలు చాలు. ఆ నలభై చెట్ల మీద కాపు పావు వంతు కూడా నిలవలేదు. బాబాయ్ గారు మాట ప్రకారం గుత్త తగ్గించుకున్నారు. నేను ఫీజు తీసుకోలేదు గానీ అది ఆయన పోగొట్టుకున్నదానికి ఏ మూలకీ రాదు.

అసలు ఏం తింటోంది?

ఇది ముందే చేయాల్సిన పని. మార్చి మొదట్లో ఒక పొద్దున్న కుర్చీ వేసుకుని, ఆ నలభై చెట్లలో ఒక దాని కింద బైనాక్యులర్‌తో కూర్చున్నాను. ఒకే పిట్టని వదలకుండా చూశాను, ఇరవై నిమిషాలు.

అది ఆకు పైభాగం పట్టించుకోదు. కొమ్మ మీద నిలబడి మెడ పక్కకి తిప్పి, పై ఆకు అడుగు భాగం చూస్తుంది. ఒక్క ఎగురు, రెక్కలు టపటపా కొట్టుకుంటూ గాల్లో అర క్షణం నిలిచి, ఆకు అడుగున ఏదో గిల్లి తీసుకుని వేరే కొమ్మ మీద వాలుతుంది. ఒకసారి ముక్కున పచ్చ పురుగు వేలాడుతూ కనబడింది. దాన్ని కొమ్మకి రెండు దెబ్బలు కొట్టి మింగింది. పూగుత్తి దగ్గరికి నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ గుత్తి మీద వాలిన ఈగల కోసమే. ఆ గుత్తి కాడకి మంచుపురుగులు వరసగా అతుక్కుని ఉన్నాయి. వాటి పక్కనే వాలింది. రెండు ఎగిరితే ఒకదాని వెంట పడి వదిలేసింది. ఇరవై నిమిషాల్లో మంచుపురుగు దాని నోట్లో పడటం నేను చూసింది ఒక్కసారి.

ఆ కుర్చీలోనే లెక్క వేసుకున్నాను. పన్నెండు గంటలు నిమిషానికొకటి చొప్పున అన్నీ మంచుపురుగులే తిన్నా రోజుకి ఏడు వందల చిల్లర. ఒక్క పెద్ద చెట్టుకి వందల పూగుత్తులు, గుత్తికి పది పురుగులు. పైగా ఆకుపిట్ట చలికాలంలో ఒంటరిది. తనకంటూ కొన్ని చెట్లు పెట్టుకుని ఇంకొక ఆకుపిట్టని రానివ్వదు. పలిస పిట్టలు పురుగున్న చోటికి గుంపులుగా దిగుతాయి. గ్రేట్ టిట్ ఆ ఆపిల్ చెట్ల మధ్యే గూడు పెట్టి పిల్లల నోళ్లకి రోజంతా గొంగళ్లు మోస్తుంది. మన తోటలో ఉన్నది అద్దెకొచ్చిన ఒంటి పిట్ట, దాని ఒక్క కడుపు నింపుకుని పోయేది. పురుగు పదింతలైతే పిట్టలు పదింతలు కావు. ఈ తేడా పుస్తకాల్లోనే ఉంది. నేను చదివి కూడా నాకు కావాల్సిందే ఏరుకున్నాను.

అంటే నాటు మామిడి మీద పిట్ట ఉండటానికీ మంచుపురుగు తక్కువుండటానికీ కారణం ఒకటే. మందు పడలేదు కాబట్టి సాలీళ్లు, ఈగలు, పచ్చ పురుగులు ఉన్నాయి. సాలీళ్లు, అక్షింతల పురుగులు మంచుపురుగు పిల్లల్ని తింటున్నాయి. ఒంటి చెట్టు కావడంతో ఎండా గాలీ తగిలి పురుగుకి అనువు తప్పింది. మెత్తటి చిన్న పురుగుల కోసం పిట్ట వచ్చింది. రెండు ఫలితాలు పక్కపక్కన ఉంటే నేను ఒకదాన్ని ఇంకొకదానికి కారణం చేశాను.

ఇంకొకటి కూడా తట్టింది. మామిడి పూతకి పరాగ సంపర్కం చేసేవి ఎక్కువగా ఈగలే. పిట్ట ఏ ఈగల కోసం పూగుత్తి దగ్గరికి వస్తోందో, నిండు పూతలో కొట్టే మందుకి ముందు పోయేవి అవే. పిట్ట లేని తోటలో పిందె నిలవలేదంటే మంచుపురుగు ఒక్కదాని మీదే తోసేయకూడదు.

ఉగాది ముందు గట్టు మీద

ఆ నెలలోనే వేపలు ఆకు రాల్చి, రాగి రంగు చిగురు తొడిగాయి. కానుగలు కూడా కాస్త వెనకగా చిగిర్చాయి. ఉగాదికి రెండు రోజుల ముందు పిన్ని గారు పువ్వు కోసం వేప కొమ్మ వంచి పట్టుకుంటే, ఆవిడ చేతికి మూరెడు దూరంలో ఆకుపిట్ట చిగురు చిగురూ గాలిస్తోంది. మనిషి ఉన్నట్టే దానికి పట్టలేదు. "ఏంటమ్మాయ్ దీనికింత ఆత్రం?" అన్నారావిడ. ఏప్రిల్‌లో బయల్దేరాలి, దానికి ముందు ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాలి, అదే దాని దారి బత్తెం అని చెప్పాను. ఆ పొద్దున గట్టు మీద ఆరు గొంతులు లెక్కపెట్టాను. లేత చిగురు మీదే మెత్తటి పురుగులుంటాయి, మన దగ్గర ఆ నెలల్లో లేత చిగురు వేప మీదా కానుగ మీదా దొరుకుతుంది.

గుత్తదారు మనుషులు ఏటా మార్చిలో ఆ గట్టు చెట్లనే మేకల మేతకనీ, ట్రాక్టరుకి అడ్డమనీ నరికేవారు. మిగిలినవాటి మీదికి మందు తుంపర కొట్టుకొచ్చేది. తోటలోకి సాలీళ్లు మళ్లీ నడిచి రావాలంటే రావాల్సింది ఈ గట్టు నుంచే. ఈ సంగతి గుత్తదారుకి పిట్టల పేరు ఎత్తకుండా చెప్పాను. ఆ ఏడు నా నోట పిట్ట మాట వింటే ఆయన లేచిపోయేవాడు.

రెండో ఏడు ఏం చేశాం

ముందు గుత్త సంగతి. చెట్టు మధ్య కొమ్మలు తీసి ఎండ లోపలికి పడేలా చేయాలి. మంచుపురుగుకి నీడా చెమ్మా కావాలి, గుబురులో మందు కూడా అందదు. కానీ కత్తిరించిన ఏడు కాపు కొంచెం తగ్గుతుంది, లాభం రెండో ఏటి నుంచి. ఏడాది గుత్తదారు రంపం ఎందుకు పట్టుకుంటాడు? ఎనిమిది దఫాలు ఎందుకు కొడతాడో కూడా అప్పుడే అర్థమైంది. పెట్టిన అడ్వాన్సు మూడు నెలల్లో తిరిగి రావాలి, చెట్టు వచ్చే ఏడు ఏమైతే ఆయనకేం? ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. నేనైనా అదే చేస్తాను.

మూడేళ్ల గుత్త రాయించమన్నాను. బాబాయ్ గారు రెండు నెలలు నాన్చారు, ఏటా రేటు పెరిగే అవకాశం పోతుందని. చివరికి ఒప్పుకున్నారు, మొదటి ఏడు కొంత తగ్గించి. కాగితం మీద రెండు మాటలు రాయించాం: పంచె పరిచి లెక్క చూడకుండా మందు కొట్టకూడదు, గట్టు చెట్ల జోలికి వెళ్లకూడదు.

కోత అయ్యాక జూన్ ఆఖరులో కత్తిరింపులు. ఒకదానిమీదొకటి ఎక్కిన కొమ్మలు, నడిమధ్య నిటారుగా పోయినవి, నేలకి ఆనినవి తీసేసి, కోతలకి తెగులు పట్టకుండా బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయించాం. కట్టెలు అమ్మితే కూలి డబ్బులు వచ్చాయి. చెట్లు బోసిపోయినట్టుంటే బాబాయ్ గారు వారం రోజులు తోట వైపు రాలేదు.

మందు విషయంలో నా పద్ధతి ఇది. పూమొగ్గ పగిలే వేళ ఒక దఫా, మొదలు బెరడుతో సహా. పూత విచ్చుకున్నాక పురుగుమందు లేదు. పిందె బఠాణీ గింజంత అయ్యాక గుత్తికి ఐదు మంచుపురుగులు దాటితేనే రెండో దఫా, వేరే జాతి మందుతో. జనవరి ఆఖర్లో నాలుగు రోజులు మబ్బు పట్టి బూడిద తెగులు మొదలైంది. పూత విచ్చుకుంటోంది. ఆపితే పూత పోతుంది, కొడితే నా మాట నేనే తప్పినట్టు. నీటిలో కలిసే గంధకం సాయంత్రం పూట, ఈగలు వెళ్లాక కొట్టించాను. అది తెగులు మందు, ఈగల మీద దెబ్బ తక్కువ, అసలు లేదని మాత్రం అనను.

ఆ ఏడు మొత్తం మూడు దఫాలతో గడిచింది. కాపు మామూలుగా వచ్చింది, గొప్పగా ఏం కాదు. మందుల ఖర్చు సగానికి పైగా మిగిలింది. మార్చిలో పంచె మీద మంచుపురుగులు పది లోపు, సాలీళ్లు నాలుగైదు. తోట లోపల ఆకుపిట్ట గొంతులు ఐదు. ఇవన్నీ మా ఘనతే అనడానికి లేదు. ఆ నాలుగు రోజులు తప్పితే చలికాలం పొడిగా గడిచింది, పొడి ఏడు మంచుపురుగు ఎలాగూ తక్కువే. కత్తిరింపు వల్ల ఎంత, వాతావరణం వల్ల ఎంత అని ఒక్క తోటతో విడదీయలేం. ఆ నలభై చెట్లు మాత్రం మిగతావాటితో సమానంగా కాశాయి. నాకు నిద్రపట్టింది అందుకే.

ఈ కేసు తర్వాత నా అలవాట్లు రెండు మారాయి. తోటలోకి వెళ్తే మొదటి పది నిమిషాలు కదలకుండా వింటాను. ఆకుపిట్ట వినబడితే అక్కడ మెత్తటి చిన్న పురుగుల సంత ఇంకా నడుస్తోందని లెక్క. మంచుపురుగు ఎంతుందో అది చెప్పదు, అది పంచె చెప్పాలి. రెండోది, గుత్త కాగితం చూడకుండా మందు చీటీ రాయను.

మూడో ఏడు, ఒక ఫోన్

మూడో ఏడు ఫిబ్రవరిలో అకాల వాన పడి, వెనకే తామర పురుగు వచ్చింది. దఫాలు నాలుగయ్యాయి. ఆ నెలాఖరులో ఒక పొద్దున్నే గుత్తదారు ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "మేడం, తూర్పు వైపు పిట్ట కూయట్లేదు. నిన్న సాయంత్రం దాకా ఉంది. ఏదో తేడాగా ఉంది, గుడ్డ పరవమంటారా?"

పరవమన్నాను. అరగంటలో మళ్లీ చేశాడు. పంచె మీద మంచుపురుగులు ఆరు, సాలీళ్లు ఏడు. మరి పిట్టలేమయ్యాయో పైకి చూడమన్నాను. కాసేపు చెప్పుల చప్పుడు, తర్వాత నవ్వు.

"జాలె డేగ కూర్చుందండీ, నడిమి చెట్టు మీద."